తమ్ముడి మాట, అక్క నోట

కోర్టులో అందరూ ఆమెను చేతులక్క అంటారు. రికార్డుల్లో మాత్రం ‘దుబాసీ’ అని ఉంటుంది. చెవులు వినపడని మనిషి బోనెక్కితే అతని సైగల్ని జడ్జిగారికి మాటల్లో చెప్పడం, జడ్జిగారి మాటల్ని అతనికి సైగల్లో చెప్పడం ఆమె ఉద్యోగం. పోలీసు స్టేషన్ నుంచి కబురొచ్చినా, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినా ఆమే వెళ్ళాలి. ఊరు మొత్తానికి ఆ పని చేసేది ఆమె ఒక్కతే.

ఈ పని ఆమె ఏ బళ్ళోనూ మొదలుపెట్టలేదు. నాన్న దర్జీ. ఇంటి ముందుగది ఆయన కొట్టు. తమ్ముడికి నడక వచ్చే వయసులో జ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ వినికిడిని పట్టుకుపోయింది. వాడు నాన్న మిషన్ బల్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. బల్ల అదిరితే నాన్న పనిలో ఉన్నట్టు, అదరకపోతే తను వెళ్ళి ఒళ్ళో కూర్చోవచ్చని లెక్క. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఇంట్లోకి పనికొచ్చే ఒక భాష తయారుచేసుకున్నారు. మెడ చుట్టూ వేలితో గీస్తే నాన్న, ఎందుకంటే ఆయన మెడలో ఎప్పుడూ టేపు ఉండేది. చెవి మెలిపెడితే అమ్మ. దానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. భుజాల మీద నుంచి రెండు చేతులూ కిందికి జారిస్తే అక్క, అంటే రెండు జడలు. అమ్మ మాత్రం ఆ భాష చివరిదాకా నేర్చుకోలేదు. “వాడేమంటున్నాడే?” అని కూతుర్నే అడిగేది. కూతురు చెప్పేది. ఏ పూటైనా వాడు చిరాకులో ఉంటే కొంత దాచి చెప్పేది.

మీసాలు మొలుస్తున్న రోజుల్లో తమ్ముడు ఒక పనిలో కుదిరాడు. ఇత్తడి పలకల మీద పేర్లు చెక్కే దుకాణం అది. ఇళ్ళకు నేమ్‌ప్లేట్లు, ఆఫీసులకు బోర్డులు, సభలకు జ్ఞాపికలు. ఒకరోజు పని ముగించుకుని సైకిలు మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి పోలీసు ఈల వేశాడు. కేకేశాడు. కుర్రాడు ఆగలేదు. ఆగనివాడు దొంగే అయుంటాడని తరిమి పట్టుకుని, సైకిలుతో సహా స్టేషన్లో కూర్చోబెట్టారు. అప్పటికి ఆమె బట్టల కొట్లో అమ్మకాల పని చేస్తోంది. ఎవరో వచ్చి చెబితే కొలబద్ద అక్కడే పడేసి పరుగెత్తింది.

ఆమెను చూడగానే తమ్ముడు రెండు చేతులతో విరుచుకుపడ్డాడు. “ఈ మనిషి గాడిద. సైకిలు నాది. నా చొక్కా చింపాడు. నాకు క్షమాపణ చెప్పమను.”

“ఏమంటున్నాడమ్మా మీవాడు?” అన్నాడు స్టేషన్ ఆఫీసరు.

ఆమె గొంతు సవరించుకుంది. “తప్పయిపోయింది సార్, వినపళ్ళేదు, ఈసారికి వదిలెయ్యమంటున్నాడు.”

ఆఫీసరు నవ్వాడు. సైకిలు ఇప్పించాడు. ఇద్దరూ బయటికొచ్చారు. వీధి మలుపు తిరగ్గానే తమ్ముడు సైకిలు ఆపి అడిగాడు. “ఆయన నవ్వాడేంటి? నేనన్నదానికి నవ్వు రాదే?”

“ఏదో ఒకటిలే. బయటపడ్డాం కదా, పద” అంది అక్క.

అతను సైకిలు ఎక్కకుండా ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాడు.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఆఫీసరే ఆమెకు కబురు పెట్టాడు. దారి తప్పిన ఒక వినపడని ముసలామెను బస్టాండులో పట్టుకొచ్చారు, ఏ ఊరో చెప్పలేకపోతోందట. ఆ తర్వాత ఆసుపత్రి వాళ్ళు పిలిచారు. తర్వాత కోర్టు. పిలుపులు ఎక్కువయ్యాయి, బట్టల కొట్టు యజమానికి ఓపిక తగ్గింది. కోర్టువాళ్ళే ఆమెను శిక్షణకు పంపి, ఉద్యోగంలోకి తీసుకున్నారు. శిక్షణ ఇచ్చిన మాస్టారికి కూడా వినపడదు. మొదటి రోజే ఆయన సైగల్లో ఒక మాట చెప్పాడు. “నీది అద్దం పని. ముక్కు మీద మొటిమ ఉంటే అద్దం దాచదు. వాళ్ళు ‘నేను’ అంటే నువ్వు కూడా ‘నేను’ అనే అను. ‘ఆయన ఇలా అంటున్నాడు’ అనకు.”

కోర్టులో ఆమె ఆ మాటను వేదంలా పాటించింది. ఒకసారి అడ్డగోలు ప్రశ్నలు వేస్తున్న వకీలు మీద సాక్షికి ఒళ్ళు మండింది. అతను చేతులు ఝాడించి ఏదో అన్నాడు. ఆమె ఉన్నదున్నట్టు పలికింది: “నీకు బుర్ర ఉందా? అదే ప్రశ్న ఎన్నిసార్లు అడుగుతావ్?”

కోర్టు హాలు చల్లబడిపోయింది. జడ్జిగారు కళ్ళజోడు తీశారు. “ఆ మాట అన్నది ఎవరమ్మా?”

“నేనేనండీ” అంది ఆమె. వెంటనే తడబడి, “నేనంటే నేను కాదండీ. ఆయన నేను” అంది.

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి పెదాలు బిగించి కూర్చున్నారు. ఆ మాట కోర్టు వరండాల్లో ఇప్పటికీ తిరుగుతోంది. గుమస్తాలు టీ దగ్గర ఒకరి మీద ఒకరు తప్పు తోసుకునేటప్పుడు “ఆయన నేనండీ” అనుకుంటారు.

అద్దం పని అంత నిక్కచ్చిగా చేసే మనిషే తమ్ముడి విషయానికి వచ్చేసరికి మెత్తబడిపోయేది. దుకాణం యజమానితో అతను, “నాకు సెలవు ఇస్తే ఇవ్వు, లేకపోతే ఉలి నువ్వే పట్టుకుని చెక్కుకో” అంటే, ఆమె నోట్లో అది “కాస్త సెలవు ఇప్పిస్తే బాగుంటుందంటున్నాడండీ” అయ్యేది. పెళ్ళి మాటల్లో, పిల్లల బళ్ళో కూడా అంతే. అతని మాట అక్క నోటి దాకా వచ్చేసరికి స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చేది. అతనికి ఆ సంగతి తెలుసు. ఎదుటివాళ్ళ మొహాలు చూసి కనిపెట్టేవాడు. ఒక్కోసారి నిలదీసేవాడు, ఒక్కోసారి ఊరుకునేవాడు.

అలా ఉద్యోగం సాగి సాగి, ఆమె తల నెరిసి, వేళ్ళ కణుపులు వాచడం మొదలైన రోజుల్లో అవార్డు సంగతి వచ్చింది. ఆ ఊళ్ళో వెనకటి తరం మునిసిపల్ ఇంజనీరు ఒకాయన పేరు మీద ఒక సంస్థ ఉంది. ఊరికి నీటి గొట్టాలు వేయించిన మనిషి ఆయన. ఏటా ఆయన స్మారకార్థం ఒక సభ పెట్టి, ప్రజాసేవలో మంచిపేరు తెచ్చుకున్న వాళ్ళకు అవార్డు ఇస్తారు. అవార్డు అందుకున్నవాళ్ళు ఉపన్యాసం ఇవ్వాలి. అగ్నిమాపక అధికారులూ పెద్ద డాక్టర్లూ అందుకున్న అవార్డు అది. సంస్థ కార్యదర్శిగా ఉన్న రిటైరైన లెక్కల మాస్టారు స్వయంగా కోర్టు వరండాకు వచ్చి చెప్పాడు.

ఆమెకు సంతోషమైంది. దాచుకోలేదు కూడా. ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. “ఇన్నేళ్ళు బండి తోలాను, ఒక్కసారన్నా బ్రేకు బాగా వేశావయ్యా అని నాకెవరన్నా ఇచ్చారా?” అని, ఆ సాయంత్రమే ఆమెకు కొత్త చెప్పులు కొనుక్కొచ్చాడు. స్టేజీ ఎక్కేటప్పుడు పాతవి టపటపమంటాయట.

మరో రెండు మూడు రోజులకు తమ్ముడు వచ్చాడు. చంకలో న్యూస్‌పేపరు చుట్టిన ఇత్తడి పలక. దాన్ని బల్ల మీద పెట్టి పేపరు లాగేశాడు. ఆమె జ్ఞాపికే అది. ఆర్డరు వాళ్ళ దుకాణానికే వచ్చింది. పై సగం చెక్కడం అయిపోయింది. కింది సగంలో అక్షరాలు పెన్సిలుతో గీసి ఉన్నాయి. ‘మూగజీవుల గొంతుక.’

“ఇది నన్ను చెక్కమంటున్నారు” అన్నాడు తమ్ముడు. “మూగజీవాలంటే ఏంటి? గేదెలు. మేకలు. నేను మేకనా?”

“తెలీక రాసుంటార్రా.”

“ఎప్పుడూ అంతే. వాళ్ళు తెలీక రాస్తారు. నువ్వు తెలిసి సర్దుతావు.”

ఆమె అవార్డు మానేస్తానంది. అతనికి ఇంకా కోపమొచ్చింది. “మానేస్తే ఏమవుతుంది? ఇంకొకరికిస్తారు. ఈ మాట మాత్రం అలాగే ఉంటుంది.” ఆ కోపంతోనే అన్నానికి కూర్చున్నాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు, పలక మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కోర్టు విరామంలో ఆమె సంస్థ ఆఫీసుకు వెళ్ళింది. బ్యాంకు పై అంతస్తులో ఒకే గది. గోడ మీద ఇంజనీరుగారి ఫొటో, బల్ల మీద అచ్చయిన ఆహ్వాన పత్రాల కట్టలు, ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద ఒక నీటి కుళాయి. కార్యదర్శి కుర్చీ చూపించాడు. ఆమె సంగతి చెప్పింది.

“అది అధ్యక్షులవారు స్వయంగా రాసిన వాక్యం” అన్నాడాయన ఇబ్బందిగా. “పోనీ ‘మూగవారి గొంతుక’ అందామా?”

“వాళ్ళు మూగవాళ్ళు కాదండీ. రోజంతా మాట్లాడతారు. మా తమ్ముడు మొదలెడితే ఆపడం నా తరం కాదు.”

“నాకర్థమైందమ్మా. కానీ మా అధ్యక్షుడికి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం...” అనబోయి ఆయన నాలుక కరుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వేసింది. ఆ నవ్వుతో ఆయనకూ ధైర్యం వచ్చింది. “ఆ వాక్యం తీసేయిస్తాను. అది నాకు వదిలెయ్యండి. మీరు ఉపన్యాసం సంగతి చూసుకోండి.”

“అదీ చెప్పాలండీ. ఉపన్యాసం మా తమ్ముడు ఇస్తాడు.”

“అవార్డు మీకు, ఉపన్యాసం ఆయనకా?”

“వాడు చెప్తాడు. నేను పలుకుతాను. మీకు వినపడేది నా గొంతే.”

కార్యదర్శి పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి ఆలోచించాడు. “ఆయన ఏం చెప్తారు?”

“నాకు తెలీదండీ.”

“ముందుగా ఒకసారి మాకు చూపిస్తే...”

“నేను కూడా చూడను సార్. చూస్తే సర్దుతాను.”

ఈ కబురు విన్న తమ్ముడికి చేతులాడలేదు. అంతటి కోపిష్టి ఒక్కసారిగా నీరుగారిపోయాడు. “నేనా? స్టేజీ మీదా?” ఉలి కింద పెట్టేసి దుకాణంలో అటూ ఇటూ తిరిగాడు. “అంతమంది ముందు నేనేం మాట్లాడతాను?”

“ఇంట్లో నా మీద మాట్లాడతావే, అదే మాట్లాడు” అంది అక్క.

అతను ఆగి, ఆమె వంక చూశాడు. “ఒక్క మాట మార్చినా అక్కడే ఆపేసి దిగిపోతాను.”

“మార్చానని నీకెలా తెలుస్తుంది?”

“జనం మొహాలు చూసి. చిన్నప్పటి నుంచీ నేను చదివిన చదువు అదే కదా.”

సభ రోజు టౌన్‌హాలు ముందు వరుసల్లో ఎన్నడూ లేని జనం కూర్చున్నారు. వడ్రంగులు, కుట్టుపని వాళ్ళు, ప్రెస్సు వాళ్ళు, ఒక హోటల్ వంటమనిషి. అందరూ వినపడనివాళ్ళే. సభ మొదలవకముందు ఏ హాల్లోనైనా గుసగుసలుంటాయి. వీళ్ళ గుసగుసలు చేతులతో కాబట్టి హాలంతా నిశ్శబ్దంగా, మహా సందడిగా ఉంది. వేదిక మీద అధ్యక్షుడు, ముఖ్య అతిథిగా వచ్చిన పోలీసు సూపరింటెండెంటు, కార్యదర్శి. ఆమెకు జ్ఞాపిక ఇచ్చారు, ఫొటోలు తీశారు. ఆ తర్వాత ఆమె వేదిక దిగి, మొదటి వరుస ముందు వేసిన కుర్చీలో తమ్ముడికి ఎదురుగా కూర్చుని మైకు అందుకుంది. చేతులు కనిపించాలంటే అలాగే కూర్చోవాలి మరి. అధ్యక్షుడికి అది నచ్చలేదు. “అవార్డు గ్రహీత వీపు చూపిస్తే ఎలా?” అని కార్యదర్శి చెవిలో అన్నాడు. కార్యదర్శి వినపడనట్టు ఊరుకున్నాడు.

తమ్ముడు వేదిక మీద ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని నిలబడ్డాడు. మొదట చేతులు కదల్లేదు. తర్వాత కదిలాయి.

“అందరికీ నమస్కారం” అంది ఆమె గొంతు. “మీకు వినపడుతున్నది ఆడగొంతు. నాకు మాత్రం మీసాలున్నాయి. కంగారు పడకండి.”

ముందు వరుసలు ముందు నవ్వాయి. వెనక వరుసలు తర్వాత నవ్వాయి. మామూలు సభల్లో వినపడనివాళ్ళ నవ్వు ఎప్పుడూ ఒక అడుగు వెనకే వస్తుంది. ఆ రోజు వరస తిరగబడింది.

అతను మిషన్ బల్ల సంగతి చెప్పాడు, ఇత్తడి సంగతి చెప్పాడు. “ఈ ఊళ్ళో సగం గుమ్మాల మీద ఉన్న అక్షరాలు నావే. ఆ గుమ్మాల్లోకి వెళ్ళి మంచినీళ్ళు అడగాలంటే మాత్రం నాకు మా అక్క కావాలి.” జ్ఞాపిక మీద రాయబోయిన మాట కూడా చెప్పాడు. అధ్యక్షుడు బల్ల మీది నీళ్ళ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత స్టేషన్ కథ మొదలైంది. సైకిలు, ఈల, చిరిగిన చొక్కా.

“ఆ రోజు నేను ఆఫీసరుతో, నువ్వు గాడిదవి, నాకు క్షమాపణ చెప్పు అన్నాను” అంది ఆమె గొంతు మైకులో. సూపరింటెండెంటు సర్దుకుని కూర్చున్నాడు. “మా అక్క ఆ మాట చెప్పలేదు. తప్పయిపోయిందని చెప్పింది. ఆ రోజు క్షమాపణ అడిగింది నేను కాదు. నా పేరు చెప్పి మా అక్క అడిగింది.”

ఆమె గొంతు మామూలుగానే ఉంది. తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయింది. అతని చేతులు చెప్పేశాయి, మైకులో మాత్రం ఏమీ రాలేదు. ముందు వరుసలు ఆమె వైపు తిరిగాయి. తమ్ముడు హాలు వెనక మొహాలు చూశాడు. వాళ్ళకింకా అందలేదని గ్రహించాడు. కోప్పడలేదు, దిగిపోలేదు. అదే మాట మళ్ళీ, ఈసారి నెమ్మదిగా చెప్పాడు.

“మా అక్క నా మాట మార్చిన ప్రతిసారీ,” అంది ఆమె, “నేను మీసాలున్న చంటిపిల్లాణ్ణయ్యాను.”

అతను కొనసాగించాడు. “ఆ రోజు ఆమె అలా చెప్పకపోతే నాకు దెబ్బలు పడేవి. అదీ నాకు తెలుసు. నా కోపమూ నిజమే, ఆమె భయమూ నిజమే. ఆమెకు అవార్డు ఇచ్చారు. మంచిపని చేశారు, బాగా కష్టపడింది. కానీ ఇంత ఊరికి ఆమె ఒక్కతే ఉంది. ఆమె వేళ్ళు వాస్తున్నాయి. ఆమె మంచాన పడిన రోజున మేం జబ్బు పడకూడదు, సాక్ష్యం చెప్పకూడదు, చివరికి దొంగతనం కూడా చెయ్యకూడదు. ఇంకొందరిని తయారుచేయండి. నేర్పడానికి మేమున్నాం. ఇక నేను కూర్చుంటాను, కాళ్ళు వణుకుతున్నాయి.”

కాళ్ళ సంగతి కూడా ఆమె దాచకుండా పలికింది. ముందు వరుసల్లో చేతులన్నీ పైకి లేచి గాలిలో ఊగాయి. వాళ్ళ చప్పట్లు అవే. వెనకవాళ్ళు కొందరు మామూలుగా చప్పట్లు కొట్టారు, కొందరు చేతులెత్తారు, ఒకాయన ఏది చెయ్యాలో తేలక రెండూ చేశాడు.

సభ అయ్యాక సూపరింటెండెంటు తమ్ముడి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. “అప్పటి ఆఫీసరు తరఫున నేను క్షమాపణ చెబుతున్నానని చెప్పండమ్మా.”

ఆమె చెప్పింది. తమ్ముడు జవాబిచ్చాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. “చెప్పాల్సింది ఆయన. మీరు కాదు.”

సూపరింటెండెంటు నవ్వు సగంలో ఆగింది. “నిజమే” అని తలూపి వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళే దారిలో తమ్ముడు అడిగాడు, ఆయన మొహం అలా మాడిపోయిందేమిటని. “నువ్వన్నదే అన్నాను మరి” అంది అక్క. అతనికి ఆ జవాబు చాలా నచ్చింది. ఆమెతో రెండోసారి చెప్పించుకున్నాడు.

ఇంకొందరిని తయారుచెయ్యడం ఉపన్యాసం ఇచ్చినంత తేలిగ్గా కాలేదు. కార్యదర్శి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీశాడు. చివరికి మునిసిపల్ ఆఫీసు పాత గోడౌనులో ఒక గది దొరికింది. ఆదివారాలు తరగతులు. నేర్పేది తమ్ముడూ అతని స్నేహితులూ. తమ్ముడు చండశాసనుడు. తప్పు సైగ చేస్తే బల్ల మీద చరుస్తాడు. చాలామంది మధ్యలోనే మానేశారు. ఇద్దరు ఆడపిల్లలూ, ఒక మగనర్సూ నిలబడ్డారు. ఒకమ్మాయికి కోర్టులో, నర్సుకు తన ఆసుపత్రిలోనే పని దొరికింది. చేతులక్క వేళ్ళకు డాక్టరు ఎప్పటి నుంచో చెబుతున్న విశ్రాంతి అప్పుడు దొరికింది.

ఇంట్లో అంతా మారిపోయిందనుకుంటే పొరపాటు. భార్యతో గొడవైన రోజు తమ్ముడన్న మాటను ఆమె ఇప్పటికీ పిల్లల ముందు కాస్త మెత్తగా చెబుతుంది. అతను పట్టుకుంటాడు. “రాయి ఎంత నానబెట్టినా నీళ్ళు పీల్చదు” అని ఆమె భర్త ఇద్దర్నీ కలిపి తిడతాడు.

ఆ మధ్య తమ్ముణ్ణి ఒక కాలేజీవాళ్ళు ఉపన్యాసానికి పిలిచారు. అక్క వస్తుందనుకున్నాడు. ఆమె రానంది, కోర్టులో చేరిన అమ్మాయిని తీసుకెళ్ళమంది. అయితే ఆ రోజు అవార్డు సభకు కొన్న చెప్పులేసుకుని వెళ్ళి, వెనక వరుసలో కూర్చుంది. మైకు ఆ అమ్మాయి చేతిలో ఉంది. తమ్ముడు వేదిక మీద ఏదో వంట కథ చెబుతున్నాడు. చిన్నప్పటి నుంచీ అతని చేతులు కదిలితే చాలు, ఆమె మనసు మాటలు వెతుక్కునేది. ఆ రోజు వెతుక్కోవాల్సిన పని లేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. కథలో గిన్నె బోర్లాపడే చోట ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. ఎంతగా నవ్విందంటే పక్కన కూర్చున్న లెక్చరర్ మంచినీళ్ళ సీసా అందించాడు.

“అంత నవ్వొచ్చిందాండీ?” అన్నాడాయన.

“మా తమ్ముడండీ” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. “వాడు ఇంత సరదాగా చెప్తాడని నాకు తెలీదు.”